‘ఐటెం నంబర్ 27... ఆమోదమేనా?’

పోయిన నెల ఇదే శీర్షికలో ఇంటి పన్ను గురించి రాస్తూ, మాటల్లో మాటగా "ఇది మున్సిపల్ కౌన్సిల్ మీటింగులో తేలాల్సిన విషయం" అన్నాను. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అసలు ఆ మీటింగులో ఏం చేస్తారు, ఎవరు మాట్లాడతారు, మా వీధి కాలువ సంగతి అక్కడ ఎప్పుడు వస్తుంది అని అందరిదీ దాదాపు ఒకటే గోల. ఇరవై ఏళ్లకు పైగా రెండు మూడు ఊళ్ల కౌన్సిల్ హాళ్లలో విలేకరుల బల్ల దగ్గర కూర్చుని నిద్ర ఆపుకున్నవాణ్ని కాబట్టి, ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

మా ఊళ్లో కౌన్సిల్ మీటింగు 11 గంటలకు మొదలై ఒంటిగంటకు అయిపోయిందట. మర్నాడు పేపర్లో ‘73 అంశాలకు ఆమోదం’ అని వేశారు. అందులో గంటసేపు గొడవే జరిగిందని కూడా వాళ్లే రాశారు. మరి ఆ 73 అంశాలు ఎప్పుడు చర్చించారండీ?
— ఒక గృహిణి, గుంటూరు జిల్లా

చర్చించలేదమ్మా, చదివారు. అది కూడా పూర్తిగా కాదు.

వరస ఇలా ఉంటుంది. మాజీ సభ్యులెవరైనా కాలం చేసి ఉంటే ముందు సంతాప తీర్మానం, రెండు నిమిషాల మౌనం. ఆ తర్వాత పోయిన మీటింగు మినిట్స్, అంటే అక్కడ జరిగినదాని రాతకోతలు, ఖరారు చేయడం. ఇక్కడే ఒకరిద్దరు లేచి "నేను అన్నది ఇందులో రాయలేదు" అంటారు, అది తేలడానికి పావుగంట. తర్వాత సభ్యుల ప్రశ్నలు. సమయమంతా పోయేది ఇక్కడే. మా వార్డులో కుళాయి నీళ్లు రంగు మారి వస్తున్నాయని ఒకరు లేస్తే, మీకు రంగు నీళ్లయినా వస్తున్నాయి, మాకు అవి కూడా లేవని వెనక నుంచి ఇంకొకరు. ఇంజినీరు ఫైలు తిరగేస్తూ నిలబడతాడు. ఇటు పార్టీ వాళ్లు "మీ హయాంలో ఏం చేశారు" అంటారు, అటు పార్టీ వాళ్లు "ఇప్పుడు కుర్చీలో ఉన్నది మీరు" అంటారు. ఇలా పన్నెండున్నర దాటుతుంది, అందరి చూపూ గోడ గడియారం మీదికి పోతుంది.

అప్పుడు మొదలవుతుంది అసలు అజెండా. కౌన్సిల్ సెక్షన్ గుమస్తా లేచి "ఐటెం నంబర్ 1" అని తొలి నాలుగు మాటలు చదివేసరికి ముందు వరసలోంచి "ఆమోదం" అని ఓ గొంతు. "ఐటెం నంబర్ 2". "ఆమోదం". ఇలా ఓ పది పోయాక ఎవరికో ఓపిక అయిపోయి "అన్నీ ఒకేసారి అనేయండి సార్" అంటారు. "11 నుంచి 60 వరకు ఆమోదమేనా?" "ఆమోదం!" బల్లలు చరుస్తారు. టీ వస్తుంది.

ఇందులో అన్యాయం ఎంత అని అడిగితే, అంతగా లేదనే చెబుతాను. ఆ 73లో చాలావరకు నిజంగానే రొటీన్ సరుకు. నీళ్ల ట్యాంకు దగ్గరికి ఆలం (పటిక) కొనుగోలు, బ్లీచింగ్ పౌడర్, చెత్త ట్రాక్టర్ల డీజిలు బిల్లు, అవుట్‌సోర్సింగ్ కార్మికుల గడువు పొడిగింపు, మోటారు రీవైండింగు, వీధి కుక్కల ఆపరేషన్ల బిల్లు. బ్లీచింగ్ పౌడర్ మీద గంట చర్చ పెట్టమని ఎవరూ అడగరు. ఇబ్బంది ఎక్కడంటే, ఆ పొడి సరుకు మధ్యలో మూడో నాలుగో అసలైనవి ఉంటాయి, మార్కెట్ దుకాణాల లీజు పొడిగింపు, ఓ లేఅవుట్‌లో పార్కు స్థలం సంగతి, పాత బిల్లుకు కొత్త మంజూరు. అవి కూడా అదే ఊపులో "ఆమోదం" అయిపోతాయి. రంగు నీళ్ల గొడవ పేపర్లోకి ఎక్కుతుంది, 41వ అంశం ఎక్కదు. విలేకరిగా ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

కార్పొరేషన్లలో ఇదే తంతు రెండంచెలుగా నడుస్తుంది. కార్పొరేటర్లు తమలోంచి కొందర్ని స్టాండింగ్ కమిటీకి ఎన్నుకుంటారు. 98 వార్డులున్న విశాఖలో ఆ కమిటీకి 10 మంది, హైదరాబాదులో 150 డివిజన్లున్న రోజుల్లో 15 మంది. పనుల మంజూర్లు చాలావరకు అక్కడే తేలిపోతాయి, పెద్దవి మాత్రమే కౌన్సిల్ దాకా వస్తాయి. అందుకే తెలిసిన కాంట్రాక్టర్లు కౌన్సిల్ జరిగే రోజున హాలు దగ్గర కనబడరు, స్టాండింగ్ కమిటీ రోజున కనబడతారు.

మా కౌన్సిలర్ గారు వాట్సాప్ గ్రూపులో అజెండా పెట్టారు. అందులో మా వీధి పేరు చూసి సంబరపడ్డాను కానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇదిగో: "అంశం నం. 27: 9వ వార్డు రామాలయం వీధిలో మిగిలిపోయిన భాగమునకు సి.సి. డ్రెయిను నిర్మాణము, అంచనా రూ. 4.80 లక్షలు, సాధారణ నిధులు. అత్యవసర దృష్ట్యా చైర్‌పర్సన్ గారి ముందస్తు అనుమతితో పని చేపట్టినందున కౌన్సిల్ వారి ర్యాటిఫికేషన్ నిమిత్తము." ఇంతకీ మా కాలువ కడతారా, లేదా?
— కిరాణా కొట్టు యజమాని, కర్నూలు జిల్లా

కట్టేశారు బాబూ. కనీసం కాగితం మీద. మీ వీధిలోకి వెళ్లి ఓసారి చూసుకోండి.

వెనక నుంచి చదువుదాం, ఈ భాషను అలాగే చదవాలి. ‘ర్యాటిఫికేషన్ నిమిత్తము’ అంటే పని అయిపోయింది లేదా మొదలైపోయింది, ఇప్పుడు కౌన్సిల్ దాన్ని సరేననాలి. పెళ్లి భోజనాలు అయిపోయాక "వంటవాళ్లను కుదుర్చుకుందామా?" అని ఇంటి పెద్దను అడిగినట్టు. ‘ముందస్తు అనుమతి’ అంటే మీటింగు దాకా ఆగలేని పనికి చైర్‌పర్సన్ సంతకంతో ముందుకెళ్లడం. తుపాను వచ్చి కల్వర్టు కొట్టుకుపోయిందనుకోండి, నెలాఖరు మీటింగు దాకా జనం ఈదుకుంటూ పోలేరు కదా, అలాంటి వాటికి ఇది కావాలి కూడా. కానీ రామాలయం వీధి కాలువకు ఏమంత అత్యవసరం వచ్చిందో మీ కౌన్సిలర్ అడగాలి. వానాకాలంలో ఇళ్లలోకి నీళ్లొస్తే అది జవాబే. మార్చి నెలలో అయితే వేరే సంగతి, ఎందుకంటే మార్చి 31 లోపు ఖర్చు చూపించాలన్న తొందర ప్రతి ఆఫీసుకూ ఉంటుంది.

‘సాధారణ నిధులు’ అంటే మీ ఇంటి పన్ను, మీ కుళాయి పన్ను, మున్సిపల్ దుకాణాల అద్దెలు, సంత ఆశీలు అన్నీ కలిసిన గల్లాపెట్టె. ఇక్కడ ‘15వ ఆర్థిక సంఘం నిధులు’ అని ఉంటే అది ఢిల్లీ నుంచి వచ్చిన డబ్బు, అందులో పెద్ద భాగం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలన్న షరతు ఉంటుంది. మీ కాలువ మీ సొంత డబ్బుతో కట్టిందన్నమాట.

ఇక నాకు నచ్చిన మాట ‘మిగిలిపోయిన భాగమునకు’. అంటే ఇదే వీధికి ఇదివరకు ఓ కాలువ మంజూరైంది, అది పూర్తిగా కట్టలేదు. ఎందుకు మిగిలింది? డబ్బు చాలకా, మధ్యలో ఎవరి అరుగో అడ్డొచ్చా, లేక పనిని కావాలనే ముక్కలు చేశారా? పెద్ద పనిని ముక్కలు చేస్తే ఒక్కో ముక్కా కింది స్థాయిలోనే మంజూరైపోతుంది, పైకి పంపి టెండరు పిలిచే బాధ తప్పుతుంది. అన్నిసార్లూ అలాగే జరుగుతుందని అనను, కానీ ఒకే వీధి పేరు ఏడాదిలో రెండు మూడుసార్లు అజెండాలో కనబడితే నేనైతే ఆ పాత అజెండాలన్నీ పక్కపక్కన పెట్టుకుంటాను.

టెండరు పిలిచిన పని అయితే చివర్లో ‘4.5 శాతం లెస్’ అనో ‘3 శాతం ఎక్సెస్’ అనో ఉంటుంది. అంచనా కంటే తక్కువకు చేస్తానన్నాడా, ఎక్కువ అడిగాడా అని. మరీ 25, 30 శాతం లెస్‌కు ఒప్పుకున్న కాంట్రాక్టరును చూసి పొదుపు అని మురిసిపోకండి. సిమెంటు రేటు ఆయనకూ మనకూ ఒకటే.

ఓసారి ఇలాంటిదే ఒక వార్డులో చూశాను, ఊరి పేరు వద్దులెండి. ఎం-బుక్ నకలు తెప్పించారు అక్కడివాళ్లు. ఎం-బుక్ అంటే పని కొలతలు రాసే పుస్తకం, దాన్ని బట్టే బిల్లు అవుతుంది. అందులో కాలువ పొడవు 62 మీటర్లు. రిటైరైన మాస్టారు ఒకాయన టైలరు దగ్గర కాదు, తాపీమేస్త్రీ దగ్గర పెద్ద టేపు తెచ్చారు, ఇద్దరు పిల్లలు చెరో కొస పట్టుకున్నారు, నేను రాసుకున్నాను. కొబ్బరికాయల కొట్టు దగ్గర మొదలుపెట్టి కొలుస్తూ పోతే 41 దగ్గర కాలువ ఆగిపోయింది. అక్కడి నుంచి ఎప్పట్లాగే మట్టి గాడి, అందులో ఓ చెప్పు. మాస్టారు ఏమీ అనలేదు, టేపు చుట్టేసి ఇంటికెళ్లి అర్జీ రాశారు. తర్వాత రెండు నెలలకు మిగతా 21 మీటర్లూ కట్టారు. కొత్త మంజూరు లేకుండానే.

నేను మొదటిసారి గెలిచాను. మా ఆయన "నువ్వు సంతకం పెట్టు, మిగతాది నేను చూసుకుంటా" అంటున్నారు. మీటింగులో ఆయన నా పక్కన కూర్చోవచ్చా? మైకు ముందు మాట్లాడాలంటే నాకు చచ్చేంత టెన్షన్.
— కౌన్సిలర్, నల్గొండ జిల్లా

కూర్చోకూడదమ్మా. ఆయన గెలవలేదు, మీరు గెలిచారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పట్టణ సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లకే, మీ హాల్లో సగం మంది మీలాంటి వాళ్లే ఉంటారు, అందులో సగం మందికి ఇదే టెన్షన్ ఉంటుంది. ఇంట్లో ఆయన సాయం చేస్తే చేయనివ్వండి, అజెండా పక్కన కూర్చుని చదివి పెట్టమనండి, అంతవరకే.

అజెండా మీకు మూడు రోజుల ముందైనా రావాలి. వచ్చిన రోజే అంతా చదవాలని కూర్చోకండి, తలనొప్పి తప్ప ఏమీ మిగలదు. మీ వార్డు నంబరు ఉన్న అంశాల పక్కన ఎర్ర సిరాతో గీత గీయండి. ‘పొడిగింపు’, ‘ర్యాటిఫికేషన్’, ‘లీజు’ అన్న మాటలు కనబడ్డచోట ఇంకో గీత. అందులోంచి ఒక్కటి ఎంచుకోండి. మొదటి మీటింగులో ఒక్క అంశం మీద ఒక్క ప్రశ్న చాలు, అది కూడా చీటీ మీద రాసుకుని చదివేయండి, ఎవరూ నవ్వరు. నవ్వితే నవ్వనివ్వండి, మినిట్స్‌లో నవ్వు రాయరు, ప్రశ్న రాస్తారు.

ఏం అడగాలో తోచకపోతే ఒకటి చెబుతాను. మీ రాష్ట్రంలో 2019 నాటి మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి పెట్టాలి. నర్సరీకి ఎంత ఖర్చయింది, ట్రీ గార్డులకు ఎంత, మా వార్డులో నాటినవి ఎన్ని, బతికినవి ఎన్ని అని అడగండి. చివరి ప్రశ్నకు జవాబు వచ్చేలోగా హాల్లో మీ పేరు అందరికీ తెలిసిపోతుంది.

టేబుల్ అజెండా అంటే ఏమిటి? అది వచ్చినప్పుడల్లా ప్రతిపక్షం వాళ్లు ఎందుకు అరుస్తారు?
— డిగ్రీ విద్యార్థి, రాజమహేంద్రవరం

ముందుగా పంపకుండా, మీటింగు జరుగుతుండగానే బల్ల మీద పెట్టే అంశాలు. మూడు రోజుల ముందు అజెండా ఇవ్వడం దేనికంటే చదువుకుని రావడానికి. అప్పటికప్పుడు ఇస్తే చదవడానికి టైముండదు, ‘ఆమోదం’ అనడానికి మాత్రం ఉంటుంది. నిజంగా తొందర పనులు కొన్ని ఉంటాయి, పై నుంచి ముందురోజు సాయంత్రం ఉత్తర్వు వచ్చి ఉండొచ్చు. కానీ టీ కప్పులతో పాటు పంచిన కాగితాల్లో ఓ ఖాళీ స్థలం లీజు వ్యవహారం ఉండటం నా కళ్లారా చూశాను. అరిచే వాళ్లు ఈ ఒక్క విషయంలో మాత్రం తప్పు కాదు. అధికారంలోకి వచ్చాక వాళ్లూ టేబుల్ అజెండా పెడతారన్నది వేరే సంగతి.

కౌన్సిల్ మీటింగులో జీడిపప్పు ఉప్మా పెడతారటగా? ఆ ఖర్చు ఎవరిది?
— పేరు రాయలేదు

మనదే. నేనూ తిన్నాను. ఉప్మా బాగానే ఉండేది, జీడిపప్పు వెతుక్కోవాలి.

మా కార్పొరేటర్ ప్రతి మీటింగులో వాకౌట్ చేసి బయట కెమెరాల ముందు మాట్లాడతారు. దీనివల్ల వార్డుకు ఏమైనా ఉపయోగమా?
— ఆటో డ్రైవరు, కృష్ణా జిల్లా

కెమెరాలకు ఉపయోగం. తను బయటికెళ్లగానే లోపల వ్యతిరేకించే ఓటు ఒకటి తగ్గింది, తీర్మానం ఇంకా సులువుగా పాసవుతుంది, మినిట్స్‌లో ‘ఏకగ్రీవముగా ఆమోదించడమైనది’ అని కూడా రాసుకోవచ్చు, ఎందుకంటే ఉన్నవాళ్లంతా ఒప్పుకున్నారు కదా! అంతకంటే పదునైన పని ఒకటుంది, అది ఎవరికీ నచ్చదు, ఎందుకంటే అది వీడియోలో కనబడదు. లేచి నిలబడి "ఈ అంశానికి నా అసమ్మతి నమోదు చేయండి" అనడం, కారణం రాసి ఇవ్వడం. దాన్నే డిసెంట్ నోట్ అంటారు. రేపు ఆడిట్‌లోనో కోర్టులోనో ఆ తీర్మానం నిలదీతకు వస్తే పనికొచ్చేది ఆ కాగితమే, పోడియం ముందు బైఠాయించిన ఫొటో కాదు.

ఓటింగు అంటారా, చేతులెత్తి లెక్కిస్తారు. ఎమ్మెల్యేలు, ఎంపీలు ఎక్స్ అఫీషియో హోదాలో, అంటే తమ పదవి రీత్యా, వచ్చి ఓటేయొచ్చు. జనం ఓట్లతో కాకుండా కౌన్సిలే చేర్చుకునే కో-ఆప్షన్ సభ్యులకు మాట్లాడే హక్కు ఉంది, ఓటు లేదు.

మా కౌన్సిల్ చెత్త పన్ను వద్దని తీర్మానం చేసింది. పేపర్లో కూడా వచ్చింది. అయినా అప్పట్లో వసూలు చేస్తూనే వచ్చారు. మరి తీర్మానానికి విలువ ఏముంది?
— రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, పశ్చిమ గోదావరి జిల్లా

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కాస్త బాధగానే ఉంటుంది సార్. 1992లో రాజ్యాంగానికి 74వ సవరణ చేశారు, 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 12వ షెడ్యూల్‌లో 18 పనులు రాసి ఇవన్నీ పట్టణ సంస్థలవి అన్నారు. నీళ్లు, రోడ్లు, చెత్త, మురికివాడలు, శ్మశానాలు, వీధి దీపాలు అన్నీ ఉన్నాయి అందులో. కానీ ఏది ఎంతవరకు ఇవ్వాలన్నది రాష్ట్రాల చేతిలో పెట్టారు. కాబట్టి శ్మశానం గోడకు సున్నం వేయాలా వద్దా అన్నది కౌన్సిల్ తేలుస్తుంది, పన్ను ఎలా లెక్కకట్టాలన్నది అమరావతిలోనో హైదరాబాదులోనో తేలుతుంది. ఆంధ్రలో 2021 నుంచి ఇంటి పన్ను అద్దె విలువను బట్టి కాకుండా ఆస్తి విలువను బట్టి వేయడం మొదలుపెట్టారు, అదీ పై నుంచి వచ్చిన చట్టమే. చెత్త పన్ను కూడా అంతే, 2021లో వచ్చింది, 2024లో ప్రభుత్వం మారాక రద్దయింది. రాకా, పోకా రెండూ ప్రభుత్వ నిర్ణయాలే. చట్టానికి విరుద్ధంగా ఉందనుకుంటే కౌన్సిల్ తీర్మానాన్ని ప్రభుత్వం నిలిపేయొచ్చు, రద్దు కూడా చేయొచ్చు.

మరి విలువ లేదా అంటే ఉంది, అది ఒత్తిడి విలువ. పది ఊళ్ల కౌన్సిళ్లు ఒకే మాట అంటే ఎమ్మెల్యేలకు నిద్ర పట్టదు. అంతకంటే ఎక్కువ ఆశించకండి. కౌన్సిల్ చేతిలో నిజంగా ఉన్నవి చిన్నవి, కానీ మనకు రోజూ తగిలేవి. ఏ వీధికి ముందు కాలువ, ఏ బజారులో ఆశీలు ఎవరు వసూలు చేయాలి, 25 ఏళ్లు దాటిన మున్సిపల్ దుకాణాలు బహిరంగ వేలానికి వెళ్తాయా లేక పాతవాళ్లకే ఉంటాయా. ఆ చివరిదాని మీద మాత్రం ఏ కౌన్సిల్‌లోనైనా పార్టీలు మరిచిపోయి చాలా తీరిగ్గా మాట్లాడుకుంటారు.

మేముండే ఊళ్లో సిటీ కౌన్సిల్ మీటింగులో ఎవరైనా పేరు రాయించుకుని మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. నేనూ ఓసారి స్పీడ్ బ్రేకర్ గురించి మాట్లాడాను! మన దగ్గర ఇది ఎందుకు లేదు?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఫ్రిస్కో, టెక్సాస్

మీ టెక్సాస్‌లో 2019 నుంచి అది చట్టం బాబూ, అజెండాలో ఉన్న అంశం మీద జనాన్ని మాట్లాడనివ్వాల్సిందే. మన చట్టాల్లో ప్రేక్షకులు కూర్చోవచ్చు, మాట్లాడే వంతు మాత్రం సభ్యులదే. మూడు లక్షల జనాభా దాటిన ఊళ్లలో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగమే చెప్పింది, తెలంగాణ చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలంది, యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, వృద్ధులకు ఒకటి, ప్రముఖులకు ఒకటి. ఎక్కడ ఎన్నిసార్లు కూర్చున్నారో ఆ వార్డు వాళ్లే చెప్పాలి. ఇక్కడ మనవాళ్లు వెళ్లేది సోమవారం అర్జీల దగ్గరికి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అక్కడ మీ గోడు మీరే చెప్పుకోవచ్చు, కానీ అది అధికారికి చెప్పుకోవడం, సభకు చెప్పడం కాదు.

ఒక్క విషయంలో మాత్రం మీరూ మేమూ ఒకటే. మీ దగ్గర ‘కన్సెంట్ అజెండా’ అని ఉంటుంది చూడండి, రొటీన్ అంశాలన్నీ ఓ కట్టగా కట్టి ఒకే ఓటుతో పాస్ చేసేది. మన "11 నుంచి 60 వరకు ఆమోదమేనా" కూడా అదే. తేడా ఏమిటంటే మీ దగ్గర ఆ కట్టలో ఏముందో ముందే ప్రింటు చేసి పెడతారు, అందులోంచి ఒకదాన్ని బయటికి తీసి విడిగా చర్చిద్దామని సభ్యుడు అడిగితే తీస్తారు. మన దగ్గర కట్ట ఎంత లావన్నది ఆకలిని బట్టి ఉంటుంది.

మినిట్స్ చూపించమంటే ఆఫీసులో "అవి బయటివాళ్లకు ఇవ్వం" అన్నారు. నిజమా?
— రిటైర్డ్ టీచరు, ఉమ్మడి ఖమ్మం జిల్లా

నిజం కాదు మాస్టారూ. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి) తీసి చూడండి. ప్రతి ప్రభుత్వ సంస్థా తన కౌన్సిళ్లు, కమిటీల సమావేశాలకు జనం రావచ్చా లేదా, వాటి మినిట్స్ జనానికి అందుబాటులో ఉంటాయా లేదా అన్నది ఎవరూ అడగకుండానే ప్రకటించాలని అందులో ఉంది. ఆ ప్రకటన మీ ఊళ్లో ఎక్కడ పెట్టారో అడగడం మొదటి పని.

రెండో పని, దరఖాస్తు. తెల్లకాగితం చాలు. 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించండి. "కౌన్సిల్ వివరాలన్నీ ఇవ్వండి" అని రాయకండి, ఇవ్వరు, ఇచ్చినా ఓ బస్తా కాగితాలకు డబ్బు కట్టమంటారు. ఫలానా తేదీ సమావేశం, ఫలానా నంబరు అంశం, దాని అజెండా నోట్, తీర్మానం నకలు, బిల్లు అయి ఉంటే ఎం-బుక్ నకలు, అంతే రాయండి. పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే అదే ఆఫీసులో పై అధికారికి అప్పీలు. డబ్బు దండగనుకుంటే రికార్డు తనిఖీ చేస్తానని రాయండి, మొదటి గంట ఉచితం. మీకు అదే బాగుంటుంది, కళ్లజోడు మాత్రం మర్చిపోకండి, ఆ చేతిరాత దేవుడికే అర్థం కావాలి.

తెలుగు నేల మీద పాత మున్సిపాలిటీ ఏది? పోటీ పరీక్షకు కావాలి.
— ఉద్యోగార్థి, శ్రీకాకుళం

భీమునిపట్నం, 1861. దేశంలోనే చాలా పాతవాటిలో ఒకటి. గుంటూరు, రాజమండ్రి, కాకినాడలు 1866. భీమిలి ఇప్పుడు విశాఖ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. మద్రాసు కార్పొరేషన్ 1688 నాటిది, ప్రశ్నలో ‘తెలుగు నేల’ అన్న మాట ఉందో లేదో చూసుకుని టిక్ పెట్టండి.

ఇరవై ఏళ్లు ఆ మీటింగుల్లో కూర్చున్నారు. బోరు కొట్టలేదా?
— మీ పాత పాఠకురాలు, విజయనగరం జిల్లా

కొట్టకేం తల్లీ, క్రాస్‌వర్డ్ నింపడం అక్కడే నేర్చుకున్నాను. కానీ ఒకావిడ గుర్తుంది. కూరగాయలు అమ్ముకునే మనిషి, మొదటిసారి గెలిచింది. వాళ్ల వార్డులో చెరువు గట్టు మలుపు దగ్గర వీధి దీపం లేదు. మొదటి నెల లేచి అడిగింది, "చూస్తాం" అన్నారు. రెండో నెల అడిగింది, "ప్రతిపాదన పంపాం" అన్నారు. నాలుగో నెలకు ఆవిడ లేవగానే హాల్లో నవ్వులు మొదలయ్యేవి. ఆవిడ పట్టించుకునేది కాదు. నవ్వు ఆగేదాకా నిలబడి, అదే గొంతుతో, అవే మాటలు, చెరువు గట్టు మలుపు, స్తంభం లేదు, ట్యూషన్ పిల్లలు చీకట్లో వస్తున్నారు. చివరికి గుమస్తా ఆ ప్రశ్నను ముందే టైపు చేసి ఉంచుకునేవాడు, తేదీ మారిస్తే సరిపోయేది.

పదకొండో నెల స్తంభం పాతారు. ఆ మీటింగులో అందరూ ఆవిడ వైపు తిరిగి బల్లలు చరిచారు, చైర్మన్ గారు మైకులో అభినందించారు. ఆవిడ మెల్లగా లేచి, కొంగు సర్దుకుని, "స్తంభం వచ్చిందండీ. బల్బు ఎప్పుడండీ?" అంది.

గుమస్తా కాగితం తీసి మళ్లీ రాసుకున్నాడు.